ఈంట్ కా హిసాబ్: ఓడలెక్కిన ఇటుకల తారీఖ్

మా నానా, అంటే అమ్మీ వాళ్ల అబ్బా, ఒక ఇటుక బట్టీలో మున్షీగా పనిచేశారు. ఆయన ఇంతెకాల్ అయ్యాక పాత ట్రంకు పెట్టెలో ఒక ఖాతా పుస్తకం దొరికింది. ఎర్ర గుడ్డ అట్ట. లోపల అంతా ఉర్దూ. నానా దస్తూరీ ఎంత ముచ్చటగా ఉండేదంటే, చిన్నప్పుడు నాకు ఆ పుస్తకం ఒక ఖత్తాతీ నమూనాలాగే కనిపించేది. పేజీకి నాలుగు గళ్లు: నామ్, ఈంట్, పేష్గీ, బాకీ. ఎవరు, ఎన్ని ఇటుకలు కోశారు, ముందుగా ఎంత తీసుకున్నారు, ఇంకా ఎంత తీర్చాలి. అంతే.

ఉర్దూ మీడియం బడిలో మాకు అది ఈంట్. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు మా సార్ ఒకరోజు బోర్డు మీద ‘ఇష్టకా’ అనే సంస్కృత పదం రాసి, దాని కింద ప్రాకృత రూపం రాసి, ఇటుక అలా వచ్చిందని చెప్పారు. నేను నోట్సు పక్కన చిన్నగా ఉర్దూలో ‘ఈంట్’ అని రాసుకున్నాను. రెండూ ఒకే తల్లి బిడ్డలు. బడిలో ఒకటి, కాలేజీలో ఒకటి వేరువేరుగా నేర్చుకున్న మాటలు ఒకే ఇంటివని తెలిస్తే ఎంత ఖుషీగా ఉంటుందో, రెండు జబానుల మధ్య పెరిగిన మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ ఖాతా పుస్తకం నా బల్ల మీదికి వచ్చాక ఒక సవాల్ నన్ను వదల్లేదు. ఇటుక ఇంత బరువు, ఇంత చవక. ఊరి పొలిమేర దాటిస్తేనే కిరాయి గిట్టదు. మరి ఇటుకల తిజారత్ సముద్రాలు దాటి ఎలా జరిగింది? ఎవరు చేశారు? ఎవరికి లాభం వచ్చింది?

ముందుగా, ఇటుక కంటే దాని పేరే దూరం వెళ్లిందని చెప్పాలి. ప్రాచీన ఈజిప్టులో నైలు నది మట్టితో చేసిన పచ్చి ఇటుకకు ఒక పేరుండేది. అది కాప్టిక్ భాషలో తోబే అయింది. అరబ్బులు దాన్ని తూబ్ అన్నారు. ముందు ‘అల్’ చేరితే పలుకుబడిలో అత్తూబ్. స్పెయిన్‌లో ముస్లిం పాలన 711లో మొదలై, 1492లో గ్రెనడా చేజారడంతో ముగిసింది. ఆ ఎనిమిది వందల ఏళ్లలో అత్తూబ్ స్పానిష్ నాలుక మీద ‘అడోబే’గా మారింది. స్పెయిన్ వాళ్లు ఆ మాటను మెక్సికోకూ, పెరూకూ పట్టుకెళ్లారు. అక్కడి జనం వాళ్లు రాకముందే, వేల ఏళ్లుగా మట్టి ఇటుకతో కట్టుకుంటున్నారు. ఇటుక పాతదే, పేరే కొత్తది. కాలిఫోర్నియాలో ఒక వాగుకు ఆ పేరు పడింది. ఆ వాగు పేరే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి వచ్చింది. మా పత్రికాఫీసులో రోజూ ఫోటోలు దిద్దడానికి తెరిచే అడోబీలో నైలు ఒడ్డు మట్టి ఉందన్న మాట!

పేరుకు బరువు ఉండదు కాబట్టి వెళ్లింది. ఇటుకకు బరువుంది. మన వైపు ఎర్ర ఇటుక ఒక్కొక్కటి దాదాపు 3 కిలోలు. వెయ్యి ఇటుకలంటే 3 టన్నులు. ఎడ్లబండి మీద నాలుగు ఊళ్లు దాటిస్తే కిరాయే ధరను మింగేస్తుంది. అందుకే దునియాలో ఎక్కడ చూసినా బట్టీ ఊరి చివరే ఉంటుంది. మట్టి అక్కడిదే, కట్టెలు అక్కడివే, ఇల్లు అక్కడిదే.

అయితే తెరచాప ఓడ ఒక్కటి ఈ లెక్కను తిరగేసింది. కొయ్య ఓడ ఖాళీగా బయలుదేరితే గాలికి పక్కకు ఒరిగిపోతుంది. అది నిలబడాలంటే అడుగున బరువుండాలి. ఓడవాళ్లు దాన్ని బ్యాలస్ట్ అంటారు. ఇసుక వేయొచ్చు, రాళ్లు వేయొచ్చు. కానీ అవతలి రేవులో ఇసుకను పారబోయాల్సిందే. ఇటుకలైతే అక్కడ గోడలవుతాయి, నాలుగు డబ్బులొస్తాయి. ఓడకు ఎలాగూ బరువు కావాలి కాబట్టి ఇటుకకు కిరాయి దాదాపు ముఫ్త్.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఓడ అడుగున ఇటుకలు వేసుకుని వచ్చారంటే, వాళ్ల దగ్గర అవతలి దేశం వాళ్లు కోరి కొనే సరుకు పెద్దగా లేదని అర్థం. ఉంటే ఆ చోట్లో దాన్నే వేసుకొచ్చేవాళ్లు. తిరుగు ప్రయాణంలో ఆ ఇటుకలు దించిన చోట ఏం నింపుకుపోయారు? ఆ జవాబు దొరికితే రెండు దేశాల మధ్య తిజారత్ ఎలాంటిదో తేలిపోతుంది. ఈంట్ ఒక రసీదు. వచ్చింది ఇది అని చూపిస్తుంది. పోయింది ఏమిటో మనమే వెతుక్కోవాలి.

బందరు వెళ్లిన వాళ్లు వలందపాలెం చూసే ఉంటారు. వలందులంటే హాలండ్ వాళ్లు, డచ్చివాళ్లు. ఆ పక్కనే ఇంగ్లీషుపాలెం, పరాసుపేట. డచ్చి కంపెనీ 1602లో పుట్టింది. 1605లో వాళ్ల ఓడ మచిలీపట్నం చేరింది. 1606లో గోల్కొండ సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్ షా దగ్గర తిజారత్‌కు ఫర్మానా తెచ్చుకున్నారు. అప్పటికి చార్మినార్ కట్టి పదిహేనేళ్లు. గోల్కొండ దర్బారులో చేతులు కట్టుకుని నిలబడ్డ ఈ సౌదాగర్లు ఏం అమ్మడానికి వచ్చారు? చెప్పుకోదగ్గ సరుకేమీ లేదు. ఉన్ని బట్ట మన ఎండకు పనికిరాదు. వాళ్లకు మాత్రం మన కలంకారీ కావాలి, చీట్ కావాలి, తాన్ల కొద్దీ నూలు బట్ట కావాలి. ఇండోనేషియా దీవుల్లో జాజికాయ, లవంగం కొనాలంటే అక్కడి వాళ్లు అడిగింది ఈ బట్టనే. అందుకే డచ్చివాళ్లు మన తీరాన్ని మసాలా దీవులకు ఎడమ చేయి అని చెప్పుకునేవాళ్లు.

అమ్మడానికి ఏమీ లేని వాళ్లు వెండి తేవాలి. తెచ్చారు. ఆ వెండి పెట్టెల కింద, ఓడ అడుగున, ఇటుకలు తెచ్చారు. హాలండ్‌లో గౌడా ఊరి దగ్గర ఐసెల్ అనే చిన్న నది ఉంది. దాని అడుగు నుంచి తోడిన బురదతో కాల్చిన ఇటుక పసుప్పచ్చగా, మన ఇటుక కంటే చిన్నగా, గట్టిగా ఉంటుంది. డచ్చివాళ్లు ఎక్కడ కోట కట్టినా ఈ పసుపు ఇటుక కనబడుతుంది. ఆఫ్రికా కొస దగ్గరి కేప్‌కు వెళ్లింది, అమెరికా ఖండంలో సురినామ్‌కు, కురసావ్ దీవికి వెళ్లింది, జావా దీవిలోని బటావియాకు వెళ్లింది.

ఈ బటావియా కథ కొంచెం ఆగి చెప్పాలి. అక్కడ ముందు జయకర్త అనే ఊరుండేది. 1619లో డచ్చి గవర్నర్ జనరల్ కూన్ దాన్ని తగలబెట్టించాడు. మన పెద్దలు ‘ఈంట్ సే ఈంట్ బజాదీ’ అంటారే, అచ్చంగా అదే చేశాడు. ఆ బూడిద మీద తన రాజధాని కట్టాడు. దానికి బటావియా అనే పేరు పడింది. నేటి జకార్తా అదే. ఊరును కూల్చిన వాళ్లకు ఊరు కట్టడానికి ఇటుకలు కావాల్సి వచ్చాయి. ఆరువేల మైళ్లకు పైగా దూరం నుంచి తెప్పించుకున్నారు.

ఆ దారిలో మునిగిన ఓడలు మనకు సుబూత్‌గా మిగిలాయి. 1629లో బటావియా అనే పేరే ఉన్న ఓడ ఆస్ట్రేలియా పడమటి తీరం దగ్గర దిబ్బలకు కొట్టుకుని పగిలింది. దాని అడుగున చెక్కిన రాతి దిమ్మెలు 137 దొరికాయి. మూడున్నర శతాబ్దాల తర్వాత వాటిని పైకి తీసి, వరస కుదిర్చి నిలబెడితే ఒక పెద్ద దర్వాజా అయింది! బటావియా కోట ద్వారం కోసం హాలండ్‌లోనే చెక్కి పంపారు. 1656లో అదే తీరంలో ఫెర్గుల్డె డ్రాక్ అనే మరో ఓడ మునిగింది. అందులో ఉన్నది 193 మంది. 75 మంది ఒడ్డుకు చేరారు. వాళ్లలో ఏడుగురు చిన్న పడవలో బటావియాకు కబురు తీసుకెళ్లారు. మిగతా వాళ్ల జాడ ఎవరికీ దొరకలేదు. 1963లో ఆ ఓడ శిథిలాలు కనబడ్డాయి. అందులో దొరికిన సరుకు చూడండి: మెక్సికో టంకశాలలో ముద్ర పడ్డ వెండి నాణేలు, వాటితో పాటు పసుపు ఇటుకలు. ఓడలో వెండి 78,600 గిల్డర్ల విలువైనదని కంపెనీ కాగితాల్లో ఉంది. పైసా పైసా హిసాబ్ ఉంది. ఒడ్డున మిగిలిపోయిన ఆ మనుషుల గురించి వెతికి, దొరకలేదని రాసుకుని, ఆపేశారు.

ఇక తిరుగు ప్రయాణం. ఇటుకలు దించిన చోట మిరియాలు, జాజికాయ, పట్టు, మన తీరపు నూలు బట్టలు నిండాయి. జాజికాయ పండే బందా దీవులను డచ్చివాళ్లు 1621లో పట్టుకున్నారు. అక్కడి జనంలో అత్యధికులు చచ్చిపోయారు, లేదా పారిపోయారు, లేదా పట్టుబడి బటావియాకు తోలబడ్డారు. వాళ్లలో చాలామంది ముస్లింలు. తోటల్లో పని చేయడానికి మనుషులు లేకపోతే ఎక్కడి నుంచి తెచ్చారు? ఒక జవాబు మన తూర్పు తీరంలోనే ఉంది. నేడు తిరుపతి జిల్లా అంచున, తమిళనాడులోకి పరుచుకున్న పులికాట్ సరస్సు ఒడ్డున డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా అనే కోట కట్టారు. అక్కడి నుంచీ, కోరమాండల్ తీరంలోని ఇతర రేవుల నుంచీ కరువు కాలంలో మనుషులను కొని బటావియాకు తోలారు. 1659-61 నాటి యుద్ధాలూ కరువులోనే వేలమంది అలా ఓడలెక్కారు. ఆకలికి బిడ్డను అమ్ముకున్న తల్లి ఎన్ని రూకలు తీసుకుందో కంపెనీ ఖాతాలో ఉంటుంది. ఆమె పేరు ఉండదు.

ఈ పద్ధతి డచ్చివాళ్ల ఒక్కరి సొత్తు అనుకోకండి. అట్లాంటిక్ వైపు చూస్తే ఇదే హిసాబ్ ఇంకా సాఫ్‌గా కనిపిస్తుంది. డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఫ్లెన్స్‌బర్గ్ అనే రేవు పట్నం ఉండేది. ఇప్పుడది జర్మనీలో ఉంది. ఆ సముద్రపు పాయ ఒడ్డున వరసగా ఇటుక బట్టీలుండేవి. అక్కడి ఇటుక ఓడల అడుగున కరీబియన్ దీవులకు వెళ్లింది. సెయింట్ క్రాయ్ దీవిలో క్రిస్టియాన్‌స్టెడ్ పట్నం కోట, గోడౌన్లు, మెట్లు ఆ ఇటుకలతో కట్టినవే. తిరుగు ఓడల్లో చక్కెర, రమ్ వచ్చాయి. ఫ్లెన్స్‌బర్గ్‌కు రమ్ పట్నం అనే పేరు ఇప్పటికీ ఉంది. ఆ చెరకు నరికింది ఆఫ్రికా నుంచి గులాములుగా తెచ్చినవాళ్లు. ఇటుకలు మోసి కోట కట్టింది కూడా వాళ్లే. ఆ కోటలోనే వాళ్లను బంధించే కొట్లు ఉండేవి. తమను బంధించే గోడను తామే కట్టారు. 1848 జూలై 3న ఆ దీవుల్లో వాళ్లు తిరగబడి ఆజాదీ తెచ్చుకున్నారు. 1917లో డెన్మార్క్ ఆ దీవులను అమెరికాకు 2.5 కోట్ల డాలర్లకు అమ్మేసింది.

ఇందులో మన తీరం వాటా కూడా ఉంది. ఆఫ్రికా గులాముల బజారుల్లో యూరప్ వాళ్లు మనుషులకు బదులుగా ఇచ్చిన సరుకుల్లో హిందుస్తాన్ నూలు బట్టలు ముఖ్యమైనవి. కోరమాండల్ నేతగాడికి తన తాను ఎక్కడిదాకా పోయిందో తెలియదు. కానీ అది ఆ లెక్కలో ఉంది. తారీఖ్ చదివేటప్పుడు మనం ఎప్పుడూ మజ్లూమ్ పక్షానే ఉన్నామని అనుకోవడం తేలిక. గొలుసులో మన చేయి ఎక్కడ తగిలిందో కూడా చూసుకోవాలి.

మరి మన మట్టి ఎప్పుడూ పరదేశం పోలేదా? పోయింది, ఇటుకగా కంటే ఎక్కువగా పెంకుగా. ఒకదానికొకటి గాడిలో కూర్చునే పెంకును ఫ్రాన్స్‌లో జిలార్డోనీ అన్నదమ్ములు 1841లో పేటెంట్ చేశారు. మార్సెయిల్ రేవు చుట్టుపక్కల కర్మాగారాలు దాన్ని ప్రపంచమంతా పంపాయి. 1865లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులోని జెప్పులో అలాంటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. మతం మారి ఊరి నుంచి, కులవృత్తి నుంచి వెలిపడ్డవాళ్లకు రోజీరోటీ చూపించాలన్నది వాళ్ల ఉద్దేశం. నేత్రావతి, గురుపుర నదుల మట్టి దానికి చక్కగా కుదిరింది. మూడేళ్లకే, 1868లో, స్థానికులు తమ సొంత ఫ్యాక్టరీ తెరిచారు. మన పల్లెల్లో కొందరు మంగళూరు పెంకు అని, ఇంకొందరు బెంగుళూరు పెంకు అని పిలిచేది దీన్నే.

పెంకు ఇటుకలా దిమ్మె కాదు, పలచన. ఒక్క ఓడ సరుకుతో ఎన్నో కప్పులు వేయొచ్చు. అందుకే ఇది కిరాయి భరించింది. సిలోన్‌కు పోయింది, ఏడెన్‌కు పోయింది, తూర్పు ఆఫ్రికా రేవులకు పోయింది. కాలికట్ పక్కనున్న ఫెరోక్ కూడా పెంకుల ఊరయింది. ఆ ఊరికి ఆ పేరు టిప్పు సుల్తాన్ తలపెట్టిన ఫరూఖాబాద్ నుంచి వచ్చింది. పక్కనే బేపూర్‌లో మాప్పిళా ఖలాసీలు అరబ్బు సౌదాగర్ల కోసం కొయ్య ఓడలు కట్టేవాళ్లు. ఈసారి కథ తిరగబడినట్టే ఉంటుంది. మట్టి మనది, పనితనం మనది, సరుకును అడిగి కొనుక్కున్నది అవతలి వాళ్లు. ఓడకు బరువు కోసమని ఎవరూ వేసుకుపోలేదు. ఇటుక బతిమాలి ఓడెక్కితే, పెంకు టికెట్ కొని ఎక్కింది.

ఇప్పుడు ఇనుప ఓడలకు ఇటుకలు అక్కర్లేదు. అవి సముద్రపు నీళ్లనే ట్యాంకుల్లో నింపుకుని బరువు తెచ్చుకుంటాయి. అందువల్ల ఇటుకలు ఎక్కువగా పక్క దేశాల మధ్యే తిరుగుతాయి. బ్రిటన్‌లో కొరత వస్తే నెదర్లాండ్స్, బెల్జియం నుంచి తెప్పించుకుంటారు. ఈమధ్య కొంత సరుకు మన దక్షిణాసియా బట్టీల నుంచి కూడా అక్కడికి వెళ్లింది.

ఇటుక ఆగిపోయింది గానీ ప్రయాణం ఆగలేదు. ఇప్పుడు ఇటుక ఉన్న చోటే ఉంటుంది, మనుషులే దాని దగ్గరికి వెళ్తారు. పెద్దపల్లి, కరీంనగర్, రంగారెడ్డి వైపు బట్టీలకు ప్రతి ఏడాదీ వానలు వెనకబట్టాక ఒడిశాలోని బలాంగీర్, నువాపడా, కలహండి నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. ఊళ్లో సర్దార్ చేతి నుంచి పేష్గీ తీసుకుంటారు. దాంతో పెళ్లో, వైద్యమో, పాత అప్పో తీరుతుంది. తర్వాత ఆరేడు నెలలు భార్యాభర్తలు, పక్కన పిల్లలు, మట్టి తొక్కి, అచ్చులో వేసి, ఎండబెట్టి ఆ పేష్గీని ఇటుకల్లో తీర్చాలి. వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. వాన పడి పచ్చి ఇటుక కరిగితే ఆ నష్టం ఎవరి గడిలో పడుతుందో ఊహించుకోండి.

సరిహద్దు అవతలా ఇదే. పాకిస్తాన్ పంజాబ్‌లో ఇటుక కోసేవాళ్లను పథేరా అంటారు. 1988లో కొందరు బట్టీ మజ్దూర్లు తమను కాపాడమని సుప్రీంకోర్టుకు ఒక టెలిగ్రాం కొట్టారు. కోర్టు ఆ టెలిగ్రాంనే ఫిర్యాదుగా తీసుకుని విచారించింది. 1992లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. మన దేశంలో అలాంటి చట్టం 1976 నుంచీ ఉంది. దాని ప్రకారం వెట్టికి కట్టిపడేసే అప్పు చెల్లదు, దాన్ని వసూలు చేయడమే జుర్మ్. కలెక్టరుకు ఫిర్యాదు చేయొచ్చు. అయినా నిర్బంధ శ్రమతో తయారయ్యే సరుకుల జాబితా అంటూ అమెరికా కార్మిక శాఖ ప్రకటించేదాంట్లో హిందుస్తాన్, పాకిస్తాన్, నేపాల్, అఫ్గానిస్తాన్ ఇటుకలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇది రాస్తూ నానా ఖాతా పుస్తకం మళ్లీ తెరిచాను. ఈసారి దస్తూరీని పక్కనపెట్టి గళ్లు చదివాను. ఈంట్ గడిలో అంకెలు ఎక్కడా తప్పు లేవు. పేష్గీ, బాకీ కూడా అంతే. నామ్ గడిలో మాత్రం చాలాచోట్ల పేరు లేదు. ఫలానా ఊరివాడు, జోరు, ఇద్దరు పిల్లలు. అంతే రాశారు. కొన్ని కుటుంబాల బాకీ ఒక ఏడాది పేజీ నుంచి మరుసటి ఏడాది పేజీకి దిగుతూ వచ్చింది. మా నానా నమాజీ మనిషి, నోరు మెత్తన, ఎవరినీ ‘అరే’ అని పిలిచిన వాడు కాదు. తన జీతానికి తను ఈమాన్‌దారీతో లెక్క రాశారు. ఆ జీతంతోనే అమ్మీ చదువుకుంది. అమ్మీ చదువుకుంది కాబట్టే నేను ఇది రాస్తున్నాను. ఆ బాకీ గడిలో నా వాటా ఎంత అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ప్రశ్నను మాత్రం దాచుకోదలచుకోలేదు.

మజ్దూర్ చెమట ఆరకముందే కూలీ చేతిలో పెట్టాలని మన ఇళ్లలో అందరం విన్నదే. చెమట పుట్టకముందే అప్పు చేతిలో పెట్టి కట్టేస్తే ఏం చేయాలన్నది కూడా మనం ఆలోచించాలి. మనలో చాలామంది గల్ఫ్ సంపాదనతో, బ్యాంకు లోనుతో, పొదుపు చీటీలతో ఇల్లు కట్టుకుంటున్నాం. ఇటుక లారీ దిగినప్పుడు రెండు ఇటుకలు ఎత్తి టక్కున కొట్టి చూస్తాం. ఖంగుమని మోగితే బాగా కాలిందని నమ్ముతాం. వెయ్యి ఎంత అని అడుగుతాం. ఇంకొక్క మాట కూడా అడగండి: మీ బట్టీలో పథేరాలకు పేష్గీ బాకీ ఎంత ఉంది, సీజన్ ముగిశాక తీరని వాళ్లను ఇంటికి పంపుతారా అని. బట్టీ సేఠ్ జవాబు చెప్పకపోవచ్చు. నలుగురు అడిగితే మాత్రం, ఈ సంగతి కూడా అడిగేవాళ్లున్నారని ఆయనకు తెలుస్తుంది.

నానా పుస్తకంలో పేరు లేని వరసలు లెక్కపెట్టాను. అరవై మూడు.